నిసర్గ చిత్రకారుడు సంజీవదేవ్

పాఠ్యాంశ నేపథ్యం

చిత్రకళ నేర్వడానికి గురువు, కళాశాల, పట్టణవాసం తప్పనిసరి అన్న అభిప్రాయం సమాజంలో బలంగా ఉన్నది. ఆ మూడింటిలో ఏదీ లేకుండానే ఒక పల్లెటూరిలో కూర్చొని, కొండలనూ చెట్లనూ నీటినీ పొగమంచునూ రంగులలో నిలిపిన తెలుగువాడు సంజీవదేవ్. ఆయన జీవితాన్నీ, ప్రకృతిదృశ్య చిత్రణ చరిత్రనూ, ఆ కళలోని మెలకువలనూ పరిచయం చేయడం, స్వయంకృషికి గల విలువనూ దాని హద్దులనూ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కవిత్వం, సంగీతం, నృత్యం, శిల్పం, చిత్రలేఖనం అనే ఐదింటిని లలితకళలంటారు. కవిత్వాన్ని ఆస్వాదించడానికి భాష తెలియాలి. సంగీతాన్ని ఆస్వాదించడానికి చెవికి కొంత సంస్కారం ఉండాలి. చిత్రలేఖనం అలా కాదు. అది కన్నున్న ప్రతివాడినీ పలకరిస్తుంది. చదువురాని రైతు కూడా పటంలోని వరిచేనును చూసి అది కోతకు వచ్చినదో లేదో చెప్పగలడు. అయితే చూడడం వేరు, చూపును రేఖలోనికీ రంగులోనికీ దించడం వేరు. ఆ రెండింటి మధ్య దూరాన్ని గురువు సాయంతో దాటేవారు అనేకులు. తమంత తాముగా దాటేవారు కొందరే. ఆ కొందరిలో సంజీవదేవ్ ఒకరు.

చిత్రకళలో అనేక శాఖలున్నాయి. వాటిలో ప్రకృతిదృశ్య చిత్రణ ఒకటి. దీనినే నిసర్గ చిత్రణ అని కూడా అంటారు. మన దేశపు ప్రాచీన చిత్రకళలో ప్రధానస్థానం దేవతలకూ, రాజులకూ, పురాణపాత్రలకూ లభించింది. 16వ శతాబ్దానికి చెందిన లేపాక్షి కుడ్యచిత్రాలలో పార్వతీపరమేశ్వరులున్నారు, సుందరమైన వస్త్రాలంకరణలున్నాయి. చెట్టూ పుట్టా ఉన్నా, అవి కథకు నేపథ్యం మాత్రమే. చీనాదేశంలో మాత్రం వెయ్యేళ్ళ కిందటనే ప్రకృతి చిత్రానికి నాయకత్వం వహించింది. అక్కడ ఆ కళను 'షాన్ షుయి' అంటారు. ఆ మాటకు 'కొండ–నీరు' అని అర్థం. ఆ చిత్రాలలో మనిషి ఒక మూల చీమంత కనిపిస్తాడు.

ఐరోపాలో ఈ మార్పు తీసుకొని వచ్చినవారిలో ఫ్లాండర్స్ ప్రాంతపు చిత్రకారులు ముఖ్యులు. నేటి బెల్జియం ఉత్తరభాగమే ఫ్లాండర్స్. 1524లో మరణించిన యోవాకిమ్ పాటినిర్ ఆంట్వెర్ప్ నగరంలో పనిచేశాడు. ఆయన చిత్రాలలో మతకథ చిన్నదై, కొండకోనలు పెద్దవయ్యాయి. ఆయన తర్వాత పీటర్ బ్రూగెల్ ఆల్ప్స్ పర్వతాలను దాటి ఇటలీ వెళ్ళివచ్చాడు. 1565లో ఋతువులను వర్ణిస్తూ ఒక చిత్రమాలను రచించాడు. మంచులో ఇంటికి మరలుతున్న వేటగాళ్ళు, ఎండలో కోత కోసి చెట్టునీడన అన్నం తింటున్న కూలీలు ఆ చిత్రాలలో కనిపిస్తారు. అందులో వీరుడూ లేడు, యుద్ధమూ లేదు. నేల, ఆకాశం, వాటి నడుమ పనిచేసుకొనే మనిషి మాత్రమే ఉన్నారు. పల్లెటూరి ప్రశాంతత కూడా కళావస్తువు కాగలదని ఆ చిత్రాలు లోకానికి చాటాయి.

ఆంధ్రదేశంలో ఆధునిక చిత్రకళకు దారి చూపిన దామెర్ల రామారావు గోదావరి తీరంలో పుట్టి పెరిగారు. రాజమహేంద్రవరం కళాశాల అధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. బొంబాయిలోని జె.జె. కళాశాలలో ఆయన శిక్షణ పొందారు. 1925లో, ముప్పై ఏళ్ళయినా నిండకముందే కన్నుమూశారు. ఆయనకు మంచి గురువు దొరికాడు. కళాశాల చదువూ దొరికింది. ఆయుర్దాయం మాత్రం దొరకలేదు. సంజీవదేవ్ విషయం దీనికి పూర్తిగా భిన్నం. ఆయనకు గురువూ కళాశాలా లేవు. ఎనభై అయిదేళ్ళ నిండు జీవితం మాత్రం లభించింది. దానిని ఆయన చూడడానికీ, చదవడానికీ, చిత్రించడానికీ, వ్రాయడానికీ వినియోగించారు.

బాల్యం – సంచారం

సంజీవదేవ్ 1914 జూలై 3వ తేదీన గుంటూరు జిల్లా తుమ్మపూడిలో జన్మించారు. వారి ఇంటిపేరు సూర్యదేవర. తుమ్మపూడి దుగ్గిరాల సమీపంలోని పల్లె, కృష్ణా పశ్చిమ డెల్టాలోనిది. కాలువనీరు, వరిపొలాలు, తాడిచెట్లు, పసుపుచేలు – ఇదీ అక్కడి ప్రకృతి. అక్కడ నేల బల్లపరుపుగా ఉంటుంది. కొండ కావాలంటే దూరం చూడాలి. ఆయన బాల్యంలో కొంతభాగం కృష్ణా జిల్లా కోనాయపాలెంలో గడిచింది.

బడి చదువు ఆయనను ఎక్కువకాలం కట్టివేయలేకపోయింది. యౌవనారంభంలోనే ఇల్లు విడిచి ఉత్తరదేశ సంచారానికి బయలుదేరారు. హిమాలయాలు ఆయనకు తొలి పాఠశాల అయ్యాయి. చదునైన డెల్టాలో పుట్టిన బాలుని కంటికి ఆ మహోన్నత శిఖరాలు ఎంతటి ఆశ్చర్యాన్ని కలిగించి ఉంటాయో ఊహించవచ్చు. ఉదయం నీలంగా, మధ్యాహ్నం తెల్లగా, సంధ్యవేళ కెంపు వన్నెలో కనిపించే ఒకే శిఖరం, వస్తువుకు స్థిరమైన రంగు ఉండదనీ, దానిపై పడే వెలుగే దాని రంగును నిర్ణయిస్తుందనీ బోధిస్తుంది. చిత్రకళా విద్యాలయాలలో ఎన్నో నెలలు నేర్పే పాఠమిది.

కులూలోయలోని నగ్గర్ గ్రామంలో నికొలస్ రోరిక్ అనే రష్యన్ చిత్రకారుడు నివసించేవాడు. 1874లో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో జన్మించిన రోరిక్ హిమాలయాలను వేలాది చిత్రాలలో నిలిపాడు. యుద్ధకాలంలో సైతం కళాసంపదను కాపాడాలని కోరుతూ ఆయన పేరున రూపొందిన ఒప్పందంపై 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో అమెరికా ఖండపు దేశాలు సంతకాలు చేశాయి. సంజీవదేవ్ ఆ రోరిక్ కుటుంబానికి సన్నిహితులయ్యారు. లక్నో కళాపాఠశాల అధ్యక్షుడైన అసిత్‌కుమార్ హాల్దార్, బహుభాషావేత్త రాహుల్ సాంకృత్యాయన్ వంటివారి స్నేహం కూడా ఆయనకు లభించింది. బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు మొదలైన భాషలను స్వయంగా అభ్యసించారు.

స్వయంశిక్షణ అంటే ఏమిటి?

ఇక్కడ ఒక విషయాన్ని జాగ్రత్తగా గమనించాలి. గురువు లేని చదువు అంటే ఎవరివద్దా ఏమీ నేర్వకపోవడం కాదు. రోరిక్ చిత్రాలను చూడడం ఒక పాఠం. హాల్దార్‌తో సంభాషణ ఒక పాఠం. కళాగ్రంథ పఠనం మరొక పాఠం. కళాశాల విద్యార్థికి ఏది ముందు నేర్వాలో, ఏది తర్వాత నేర్వాలో మరొకరు నిర్ణయిస్తారు. స్వయంగా నేర్చేవాడు ఆ నిర్ణయాన్ని తానే చేసుకోవాలి. తన తప్పును తానే కనిపెట్టాలి, తానే దిద్దుకోవాలి. అందువల్ల ఈ మార్గం సులభమైనదని భ్రమపడరాదు. నిజానికి ఇది కఠినతరమైనది.

ప్రపంచ చిత్రకళా చరిత్రలో ఇటువంటి సాధకులు మరికొందరున్నారు. విన్సెంట్ వాన్ గో 1880లో, ఇరవై ఏడేళ్ళ వయస్సులో, బెల్జియంలోని బొగ్గుగనుల ప్రాంతంలో ఉంటూ చిత్రకారుడు కావాలని నిశ్చయించుకొన్నాడు. కళాశాలలో ఆయన గడిపిన కాలం అత్యల్పం. ఆయన విద్య ఎక్కువగా పుస్తకాలలోని బొమ్మలను చూసి మళ్ళీ మళ్ళీ గీయడం ద్వారా సాగింది. ఫ్రాన్సుకు చెందిన హెన్రీ రూసో పారిస్ నగరంలో సుంకం వసూలుచేసే చిరుద్యోగి. ఏనాడూ దేశం దాటని ఆయన ఉద్యానవనాలలోని మొక్కలను చూసి దట్టమైన అరణ్యాలను చిత్రించాడు. ఆనాటివారు ఆయనను చూసి నవ్వారు. నేడు ఆ చిత్రాలు ప్రముఖ ప్రదర్శనశాలలలో ఉన్నాయి. గురువు లేకపోవడం వీరికి కొన్ని లోపాలను మిగిల్చింది, కొంత స్వేచ్ఛనూ ఇచ్చింది.

నిసర్గ చిత్రణలోని మెలకువ

ప్రకృతిని చిత్రించేవాడు మొదట ఎదుర్కొనే సమస్య దూరం. కాగితానికి పొడవూ వెడల్పూ ఉంటాయి కాని లోతు ఉండదు. పది క్రోసుల దూరంలోని కొండను జానెడు కాగితంపై దూరంగానే కనిపించేటట్లు గీయడం ఎట్లా? చిత్రకారులు దీనికి గాలినే సాధనంగా చేసుకొన్నారు.

ఈ సూత్రాన్ని అర్థం చేసుకోవడానికి తూర్పుకనుమలను మించిన పాఠశాల లేదు. విశాఖపట్నం నుండి అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే రైలుమార్గంలో, అనంతగిరి కొండలలో టైడా అనే చిన్న స్టేషన్ ఉన్నది. బైలడిల్లా ఇనుపఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో నిర్మించిన మార్గమిది. రైలు సొరంగాలలో దూరి బయటకు వచ్చినప్పుడల్లా లోయ కొత్తగా దర్శనమిస్తుంది. అక్కడ నిలిచి చూస్తే ఎదుటి కొండపై చెట్టు చెట్టునూ విడదీసి గుర్తించవచ్చు. ఆకులలోని పసుపూ, ముదురు ఆకుపచ్చా, కొమ్మల మధ్య నీడా స్పష్టంగా కనిపిస్తాయి. దాని వెనుక కొండపై చెట్లు కలిసిపోయి ఒకే ఆకుపచ్చ దుప్పటిలా ఉంటాయి. ఆ వెనుక కొండ నీలంగా మారుతుంది. అన్నిటికంటె వెనుక ఉన్నది ఆకాశంలో దాదాపు కరగిపోతుంది. కొండలన్నీ పచ్చనివే. అయినా కంటికి ఒక్కొక్కటి ఒక్కొక్క రంగులో కనిపిస్తున్నది. కంటికీ కొండకూ మధ్యనున్న గాలి నీలపు వెలుగును ఎక్కువగా చెదరగొట్టడమే దీనికి కారణం. దూరం పెరిగేకొద్దీ మధ్యనున్న గాలి పెరుగుతుంది, నీలిమ పెరుగుతుంది, వెలుగునీడల తేడా తగ్గుతుంది. పొగమంచు తోడైతే ఈ మార్పు మరింత త్వరగా కలుగుతుంది.

పాటినిర్ ఈ రహస్యాన్ని అయిదు వందల ఏళ్ళ కిందటనే గ్రహించాడు. ఆయన తన చిత్రాలలో ముందుభాగాన్ని గోధుమవన్నెతోనూ, నడిమి భాగాన్ని ఆకుపచ్చతోనూ, చివరిభాగాన్ని నీలంతోనూ నింపాడు. చీనా చిత్రకారులు రంగును కూడా విడిచిపెట్టి, కాగితాన్ని ఖాళీగా ఉంచి దానినే మంచుగా భ్రమింపజేశారు. సంజీవదేవ్ హిమాలయాలలో ఈ రెండు విషయాలనూ ప్రత్యక్షంగా చూశారు.

ఆయన చిత్రాలలో ప్రధానస్థానం ప్రకృతిదృశ్యాలది. జలవర్ణాలు, పాస్టెల్ ఆయన ఇష్టపడిన మాధ్యమాలు. జలవర్ణంలో తెలుపును రంగుగా పూయరు. వెలుగు కావలసినచోట కాగితాన్ని వదలిపెడతారు. ఒకసారి పూసిన రంగును చెరపడం కష్టం. కాబట్టి కుంచెను కాగితానికి తాకించకముందే చిత్రం మనస్సులో పూర్తికావాలి. పాస్టెల్ అంటే రంగుపొడిని కొద్దిపాటి జిగురుతో కలిపి చేసిన కడ్డీ. దానిని గరుకు కాగితంపై రాస్తే రంగు గరుకుల మీద నిలిచి, మధ్య మధ్య సందులు మిగులుతాయి. వేలితో మెల్లగా అద్దితే అంచులు మెత్తబడి మంచుతెరవలె పరచుకొంటాయి. కొండ ఎక్కడ ముగిసినదో, ఆకాశం ఎక్కడ మొదలైనదో తెలియని ప్రశాంతస్థితిని చూపడానికి ఈ మాధ్యమం అత్యంత అనుకూలం. తైలవర్ణాలవలె దీనికి పెద్ద చిత్రశాల, ఖరీదైన సామగ్రి అవసరం లేదు. పల్లెటూరి ఇంటి వసారాలో కూర్చొని పనిచేసుకోవచ్చు.

తిరిగి పల్లెకు

ఇంతటి పరిచయాలున్న వ్యక్తి కలకత్తాలోనో, లక్నోలోనో, బొంబాయిలోనో స్థిరపడి ఉండవచ్చు. సంజీవదేవ్ అలా చేయలేదు. దేశం తిరిగి తుమ్మపూడికే వచ్చారు. జీవితాంతం అక్కడనే నివసించారు. ఇది ఆయన జీవితంలోని ముఖ్యమైన నిర్ణయం. దీనివల్ల ఆయన కొంత కోల్పోయారు. నగరంలోని ప్రదర్శనశాలలు, చిత్రాలను కొనేవారు, పత్రికల ప్రచారం – ఇవి పల్లెకు నడిచిరావు. చిత్రకారునిగా కంటె కళావిమర్శకునిగానే ఆయన ఎక్కువమందికి తెలియడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

అయితే ఆయన పొందినదీ తక్కువ కాదు. లోకాన్ని తన పల్లెకు రప్పించుకోవడానికి ఆయన ఎన్నుకొన్న సాధనం ఉత్తరం. దేశవిదేశాలలోని రచయితలకూ, చిత్రకారులకూ, ఊరూ పేరూ తెలియని యువకులకూ ఆయన లెక్కలేనన్ని లేఖలు వ్రాశారు. ఆ లేఖలలో కొన్ని గ్రంథరూపంలో వెలువడ్డాయి. తపాలావారి సంచితో లోకం ఆయన గుమ్మంలోకి వచ్చింది. ఆయనను వెతుక్కొంటూ కళాభిమానులు తుమ్మపూడికి రాసాగారు. కృష్ణాకాలువల నడుమనున్న ఒక చిన్న ఊరు సాహిత్యలోకంలో ఆయన పేరుతో కలిసి ప్రసిద్ధి పొందింది.

'రసరేఖ', 'రూపారూపాలు', 'దీప్తిధార', 'కాంతిమయి' మొదలైనవి ఆయన గ్రంథాలు. కళ అంటే ఏమిటి, రేఖకూ భావానికీ గల సంబంధమేమిటి, సౌందర్యం వస్తువులో ఉన్నదా చూపులో ఉన్నదా అనే ప్రశ్నలను ఆయన తెలుగులో చర్చించారు. ఇటువంటి విషయాలను ఇంగ్లీషులో మాత్రమే వ్రాయగలమని చాలామంది భావించిన కాలమది. ఆయన ఆత్మకథ 'తెగిన జ్ఞాపకాలు', 'స్మృతిబింబాలు', 'గతంలోకి' అనే మూడు భాగాలుగా వెలువడింది. ఆ రచనలలో కూడా చిత్రకారుని చూపు కనిపిస్తుంది.

పట్టా కోసం చదువని ఈ పల్లెవాసిని 1980లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డి.లిట్. పట్టంతో సత్కరించింది. విశ్వవిద్యాలయం గడప తొక్కని విద్యార్థికి విశ్వవిద్యాలయమే ఎదురువచ్చి పట్టం కట్టిన సందర్భమది. 1999 ఆగస్టు 25న సంజీవదేవ్ కన్నుమూశారు.

జీవితం నేర్పే పాఠం

సంజీవదేవ్ జీవితాన్ని చూసి కళాశాలలు అనవసరమని భావించడం సరికాదు. అనేకుల ప్రతిభ శిక్షణ లేక మొలకదశలోనే వాడిపోతుంది. శిక్షణ దొరికే అవకాశమున్నవారు దానిని వదలుకోరాదు. కాని మారుమూల పల్లెలో, కొండవాలులో పుట్టిన విద్యార్థికి ఆ అవకాశం దొరకకపోవచ్చు. అప్పుడు అతడు తనలోని కళను చంపుకోవాలా? అవసరం లేదని ఈ జీవితం సమాధానమిస్తుంది. చూపును నిశితం చేసుకోవడానికి రుసుము చెల్లించనక్కరలేదు. మంచి పుస్తకానికీ, మంచి స్నేహానికీ, ఒక ఉత్తరానికీ దూరం అడ్డురాదు.

మరొక సత్యం కూడా ఇందులో ఉన్నది. ప్రశాంతమైన దృశ్యాన్ని చిత్రించినవాడు దృశ్యాన్ని అలంకరించడం లేదు, దానికి సాక్ష్యం చెబుతున్నాడు. బ్రూగెల్ చిత్రించిన కోతపొలం వలన నాలుగున్నర శతాబ్దాల కిందటి పల్లె నేటికీ కళ్ళ ముందు నిలిచింది. నేడు డెల్టాలోని తాటితోపులు పలుచబడుతున్నాయి. కొండలపై అడవి రూపం మారుతున్నది. శీతకాలంలో అరకులోయను పసుపు పరచే వలిసెపూలను వేలాదిమంది చూస్తున్నారు, ఛాయాచిత్రాలు తీసుకొంటున్నారు, మరుక్షణం మరచిపోతున్నారు. ఒక గంటసేపు కదలక కూర్చొని ఆ పసుపు ఎక్కడ ఆకుపచ్చలో కలుస్తున్నదో పరిశీలించేవారు అరుదు. అట్లా పరిశీలించిన వ్యక్తి తాను చూసినదానిని తేలికగా పాడుచేయలేడు, ఇతరులు పాడుచేస్తే ఊరకుండలేడు. నిసర్గ చిత్రకారుడు లోకానికి చేసే ఉపకారం ఇదే. సొంత ఊరి చెట్టును చూడడం నేర్చినవానికి లోకంలోని ఏ కొండా పరాయిది కాదు.

కఠిన పదాలు – అర్థాలు

నిసర్గం = ప్రకృతి, స్వభావం
కుడ్యచిత్రం = గోడపై వేసిన చిత్రం
నేపథ్యం = వెనుకనుండు భాగం
కెంపు = ఎరుపు రంగుగల రత్నం; ఎరుపు
మాధ్యమం = భావప్రకటనకు సాధనం
జలవర్ణం = నీటితో కలిపి వాడే రంగు
తైలవర్ణం = నూనెతో కలిపి వాడే రంగు
నిశితం = పదునైనది
సాధకుడు = పట్టుదలతో అభ్యసించేవాడు

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. సంజీవదేవ్ స్వయంశిక్షణ సాగిన తీరును వివరించండి.
2. దూరాన్ని కాగితంపై చూపడానికి చిత్రకారులు అనుసరించిన మార్గాలను పాఠం ఆధారంగా తెలపండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. బ్రూగెల్ చిత్రాల ప్రత్యేకత ఏమిటి?
2. దామెర్ల రామారావు, సంజీవదేవ్ జీవితాల మధ్య గల భేదమేమిటి?
3. పల్లెలో స్థిరపడడం వలన సంజీవదేవ్ కోల్పోయినదేమిటి? పొందినదేమిటి?
4. పాస్టెల్ మాధ్యమం మంచును చూపడానికి ఎందుకు అనుకూలం?

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. 'షాన్ షుయి' అనే మాటకు అర్థమేమిటి?
2. నికొలస్ రోరిక్ ఏ గ్రామంలో నివసించాడు?
3. సంజీవదేవ్ ఆత్మకథలోని మూడు భాగాలేవి?
4. ఆంధ్ర విశ్వవిద్యాలయం సంజీవదేవ్‌ను ఏ సంవత్సరంలో సత్కరించింది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. చూడడం వేరు, చూపును రేఖలోనికీ రంగులోనికీ దించడం వేరు.
2. తపాలావారి సంచితో లోకం ఆయన గుమ్మంలోకి వచ్చింది.

V. సంధులు
హిమాలయం = హిమ + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
యౌవనారంభం = యౌవన + ఆరంభం – సవర్ణదీర్ఘ సంధి
మహోన్నతం = మహా + ఉన్నతం – గుణ సంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి

VI. సమాసాలు
లలితకళలు = లలితమైన కళలు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
ప్రకృతిదృశ్యం = ప్రకృతి యొక్క దృశ్యం – షష్ఠీ తత్పురుష సమాసం
కొండకోనలు = కొండయు, కోనయు – ద్వంద్వ సమాసం

VII. ప్రాజెక్టు పని
మీ ఊరిలో దూరం బాగా కనిపించే ఒక చోటును ఎన్నుకొని, ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం అక్కడినుండి అదే దృశ్యాన్ని చూసి, రంగులలో కలిగిన మార్పులను పది వాక్యాలలో వ్రాయండి.